నిండు ట్యాంకుతో ఒకలా, ఖాళీ ట్యాంకుతో ఇంకోలా: ఒక ఏటీవీ వెనుక సస్పెన్షన్ సర్దుబాటు

తోటల్లో మందు పిచికారీకి వాడే యుటిలిటీ రకం ఏటీవీ, అంటే లావు టైర్ల నాలుగు చక్రాల బండి ఇది. వెనుక చక్రాలు రెండూ వేటికవే పైకీ కిందికీ ఆడే స్వతంత్ర సస్పెన్షన్, ఒక్కో వైపు రెండు ఏ-ఆర్మ్‌లు (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేతులు), ఒక షాక్ అబ్జార్బర్. షాక్ ఒంటి మీద స్ప్రింగును బిగించే మరల కాలర్, అడుగున రీబౌండ్ మర (నలిగిన షాక్ తిరిగి సాగే వేగాన్ని అదుపు చేసేది), పైన గ్యాస్ డబ్బా దగ్గర కంప్రెషన్ నాబ్ (షాక్ నలిగే వేగాన్ని అదుపు చేసేది) ఉన్నాయి. వెనుక ర్యాక్ మీద 60 లీటర్ల ట్యాంకు, దాని వెనక స్ప్రే బూమ్, అంటే నాజిళ్లు బిగించిన అడ్డ గొట్టం. పంపు, బూమ్, ఫ్రేముతో కలిపి ఖాళీ ట్యాంకు బరువు 18 కిలోలు. నిండితే 78. ర్యాక్ మీద అంటించిన స్టిక్కరు 80 కిలోల దాకా అనుమతిస్తోంది. అన్నిటికంటే ముందు ఈ లెక్క చూస్తాను. బరువు పరిమితి దాటిన బండికి సస్పెన్షన్ సర్దడం అనేది వైద్యమే కాదు.

యజమాని చెప్పిన ఇబ్బందులు మూడు. నిండు ట్యాంకుతో వరుస గట్ల మీద పోతుంటే వెనుక నుంచి ఇనుము ఇనుముకు కొట్టుకున్న చప్పుడు వస్తోంది. పని ముగిసి ఖాళీ ట్యాంకుతో తిరిగి వచ్చేటప్పుడు వెనుక భాగం ఎగిరి తంతోంది. ఏటవాలు దిగేటప్పుడు హ్యాండిల్ నిలకడగా ఉండడం లేదు. ఆయన ఊరికే కూర్చోలేదు. చప్పుడు వచ్చినప్పుడల్లా కాలర్ బిగించారు. తన్నుడు మొదలయ్యాక రీబౌండ్ మర కూడా బిగించారు. "బిగించే కొద్దీ గట్టిపడాలి కదండీ, ఇది మాత్రం ఇంకా పాడవుతోంది. షాకులు మార్చేయండి" అన్నారు.

షాకులు మార్చాల్సిన అవసరం కనిపించలేదు. షాఫ్టు నిటారుగా ఉంది, సీలు పొడిగా ఉంది, నూనె చెమ్మ లేదు. కుడి షాక్ కింది కంటిలో బుష్ అరిగి ఆడుతోంది, దాన్ని మార్చాను. ఏ-ఆర్మ్ పిన్నులకు గ్రీజు పట్టించాను. టైర్ల గాలి చూస్తే ఒకటి 3.5 పీఎస్ఐ, ఇంకొకటి 6. ఈ బండికి లేబుల్ మీద ఉన్నది 5. ఏటీవీ టైరు బెలూన్ లాంటిది, అది కూడా ఒక స్ప్రింగే. గాలి సరిచేయకుండా సస్పెన్షన్ కొలిస్తే టైరును, స్ప్రింగును కలగలిపి కొలిచినట్టే. కారు టైర్ల కోసం చేసిన గేజి ఇంత తక్కువ ఒత్తిడిని నమ్మకంగా చూపదు, తక్కువ ఒత్తిడి గేజి వేరే ఉండాలి.

కాలర్ల మరల మీద దుమ్ము గీత చెరగకుండా ఉంది. మొదట్లో కాలర్ ఎక్కడ ఉండేదో దాన్ని బట్టి తెలిసింది. అక్కడి నుంచి ఎడమ కాలర్ 20 మి.మీ. కిందికి దిగింది, కుడిది 24. అంటే రెండు వైపులా ఎత్తు సమంగా లేదు. ముందు కుడిదాన్ని ఎడమతో సమం చేసి, ఆ తర్వాతే టేపు చేతిలోకి తీసుకున్నాను.

కొలతల కంటే ముందు రెండు ఆనవాళ్లు కంటపడ్డాయి. స్ప్రింగు కింది చుట్ల మధ్య రంగు లేచిపోయి లోహం మెరుస్తోంది. షాఫ్టు మీద గుర్తు కోసం ఒక రబ్బరు రింగు ఎక్కించి నిండు ట్యాంకుతో నడిపిస్తే, స్ట్రోకు (నలగగల దూరం) 115 మి.మీ. ఉన్న షాక్‌లో రింగు 104 దగ్గరే ఆగిపోయింది. చివర ఉండే రబ్బరు దిమ్మ పూర్తిగా నలిగిన జాడ లేదు. షాక్ అడుగుకు తగులుతోందని యజమాని అనుకున్నారు. నిజానికి అది అడుగు దాకా వెళ్లడమే లేదు. స్ప్రింగు చుట్లే ఒకదానికొకటి ఆనుకుని దారి మూసేస్తున్నాయి.

ఇందులో వింతేమీ లేదు. స్ప్రింగు ఎంత నలగగలదో దానికొక హద్దు ఉంటుంది: మొత్తం చుట్ల సంఖ్యను తీగ మందంతో గుణిస్తే వచ్చే పొడవు కంటే అది పొట్టి కాలేదు. కాలర్‌ను 20 మి.మీ. కిందికి తిప్పితే ఆ 20 మి.మీ. నలుగుడు బండి కదలకముందే ఖర్చయిపోయింది. చప్పుడు పోవాలని బిగించిన కాలర్ వల్లే చప్పుడు రబ్బరు మీద నుంచి ఉక్కు మీదికి మారింది.

అయితే అంత లోతుకు చక్రం ఎందుకు వెళ్తోంది? ఒక్క గట్టు దాటిస్తే రింగు 80 దగ్గర నిలిచింది. గట్లు వరుసగా దాటిస్తేనే 104. ఈ తేడా రీబౌండ్ వైపు వేలు చూపింది. మరను పూర్తిగా మూసిన చోటు నుంచి వెనక్కి లెక్కపెడితే అది మూడో క్లిక్కు దగ్గరే ఉంది, అంటే దాదాపు బిగుసుకుపోయింది. (లెక్క కోసం మరను మూసేటప్పుడు మెల్లగా ఆగిన చోటే ఆపాలి. లోపలి సూదిని బలవంతంగా నొక్కితే దాని కూర్చునే చోటు చెడిపోతుంది.) గట్ల మధ్య దూరం మీటరు, వేగం గంటకు 15 కిలోమీటర్లు అనుకుందాం. గట్టుకూ గట్టుకూ మధ్య చక్రానికి దొరికేది సుమారు పావు సెకను. ఆ పావు సెకనులో చక్రం కిందికి దిగాలి. రీబౌండ్ అంత బిగుతుగా ఉంటే అది సగం దిగేలోపే తర్వాతి గట్టు పైకి తోస్తుంది. ప్రతి గట్టుకూ కొంచెం కొంచెం కుంగి, నాలుగో ఐదో గట్టుకు చోటు అయిపోతుంది. నడిపేవారికి మాత్రం స్ప్రింగు మెత్తగా ఉన్నట్టు అనిపిస్తుంది, వెళ్లి కాలర్ బిగిస్తారు.

ఇక కొలతలు. జాకీని ఛాసిస్ కింద పెట్టాలి, ఏ-ఆర్మ్ కింద కాదు. చక్రాలు గాలిలో పూర్తిగా వేలాడాలి. చక్రం ఇరుసు మధ్య నుంచి దానికి నిట్టనిలువుగా పైన ర్యాక్ మీద పెట్టిన గుర్తు దాకా కొలిస్తే 612 మి.మీ. వచ్చింది. తర్వాత బండిని నేల మీదికి దించి, వెనుక భాగాన్ని నొక్కి వదిలి ఒకసారి, ఎత్తి వదిలి ఒకసారి కొలిచి సగటు తీసుకోవాలి. బుష్‌లు, సీళ్ల రాపిడి వల్ల ఈ రెండు అంకెలూ ఒకటి కావు. పరీక్షలన్నీ మామూలు నీళ్లతోనే చేశాం, మందుతో కాదు.

మనిషి ఎక్కకుండా, ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు కొలత 612 దగ్గరే ఉంది. అంటే బండి తన బరువుకు అసలు కుంగడమే లేదు, సస్పెన్షన్ పైకొస వరకు లేచి నిలబడి ఉంది. గుంత వస్తే చక్రం ఇంకా కిందికి దిగడానికి చోటు లేదు, కాబట్టి బండే దిగాలి లేదా ఎగరాలి. ఖాళీ ట్యాంకు తన్నుడుకు మూలం ఇదే. యజమాని ఎక్కి మామూలుగా కూర్చుంటే 582, అంటే 30 మి.మీ. కుంగుడు. ట్యాంకు నింపితే 519, కుంగుడు 93. ఈ బండి వెనుక చక్రం మొత్తం ఆట, అంటే కింది నుంచి పైదాకా కదలగల దూరం, 230 మి.మీ. కాబట్టి ఖాళీలో 13 శాతం, నిండులో 40 శాతం. మనిషి ఎక్కాక ఆటలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా కుంగితే మంచిదన్నది వాడుకలో ఉన్న కొలబద్ద.

ఇక్కడ నాకు పనికొచ్చిన అంకె 13 కాదు, 40 కాదు. రెండింటి మధ్య తేడా, 63 మి.మీ.

కాలర్ ఎటు తిప్పినా ఈ 63 మారదు. దుమ్ము గీత దగ్గరికి కాలర్‌ను తిరిగి తీసుకెళ్లి కొలిస్తే ఖాళీలో 70, నిండులో 133 వచ్చింది. మళ్లీ తేడా 63 మాత్రమే. ప్రీలోడ్, అంటే కాలర్‌తో స్ప్రింగును ముందే నలిపి ఉంచడం, స్ప్రింగు గట్టితనాన్ని పెంచదు, బండి నిలబడే ఎత్తును మారుస్తుంది, అంతే. ఎత్తు పెరిగితే కిందికి కుంగడానికి మిగిలే చోటు పెరుగుతుంది, అందుకే బిగించినప్పుడు కాస్త మేలు కనిపిస్తుంది. కానీ నిండు ట్యాంకుకు ఇచ్చిన ప్రతి మిల్లీమీటరునూ ఖాళీ ట్యాంకు దగ్గర లాక్కుంటుంది. బరువు ఎప్పుడూ ఒకేలా ఉండే బండికి ఈ సంగతి అంత ముఖ్యం కాదు, కాలర్‌తోనే పని ముగుస్తుంది. పిచికారీ బండి అలా కాదు. ఉదయం మోసిన బరువు మధ్యాహ్నానికి గాలిలో కలిసిపోతుంది.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోందో లెక్క కట్టవచ్చు. స్ప్రింగు తీసి చక్రాన్ని చేత్తో పైకీ కిందికీ ఆడించి చూస్తే, చక్రం 2 మి.మీ. కదిలితే షాక్ 1 మి.మీ. నలుగుతోంది. ఈ నిష్పత్తి ఆట పొడవునా అచ్చంగా ఒకటే ఉండదు, కానీ ఇక్కడి లెక్కకు సరిపోతుంది. నిష్పత్తి సగం అయితే చక్రం దగ్గర తెలిసే గట్టితనం స్ప్రింగు గట్టితనంలో సగం కాదు, నాలుగో వంతు: బలం సగమవుతుంది, కదలిక రెట్టింపవుతుంది. బండితో వచ్చిన స్ప్రింగు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు, చక్రం దగ్గర 5. నీటి బరువు 60 కిలోలే అయినా ట్యాంకు ఇరుసుకు కాస్త వెనక కూర్చుంది. తూకం వేస్తే వెనుక చక్రాల మీద 64 కిలోలు పెరిగింది, ముందు చక్రాల మీద 4 తగ్గింది. ఒక్కో వెనుక చక్రానికి 32 కిలోలు, అంటే సుమారు 314 న్యూటన్లు. దాన్ని 5తో భాగిస్తే 63. టేపు చెప్పిందీ కాగితం చెప్పిందీ ఒకటే అయ్యాయి.

మార్పులు ఒకదాని తర్వాత ఒకటి చేశాను. రెండు మరలు ఒకేసారి తిప్పితే దేని ఫలితం ఏదో చెప్పలేం.

మొదట కాలర్‌ను తెచ్చినప్పటి చోటే ఉంచి రీబౌండ్ ఒక్కటే 3 నుంచి 12 క్లిక్కులకు తెరిచాను. నిండు ట్యాంకుతో వరుస గట్ల మీద రింగు 104 నుంచి 90కి వచ్చింది, ఇనుప చప్పుడు ఆగింది. ఒక్క మర, స్క్రూడ్రైవర్‌తో. యజమాని ముఖం వెలిగింది కానీ ఖాళీ ట్యాంకుతో తన్నుడు మునుపటి కంటే పెరిగింది. పెరగాల్సిందే. పైకొసకు లేచి ఉన్న స్ప్రింగును ఇన్నాళ్లూ బిగిసిన రీబౌండ్ పట్టి ఉంచింది, ఇప్పుడా పట్టు పోయింది.

తర్వాత కాలర్లను 10 మి.మీ. వెనక్కి తిప్పాను. తిప్పే ముందు మరలను బ్రష్‌తో శుభ్రం చేసి సిలికాన్ స్ప్రే కొట్టడం, చక్రాలు గాలిలో ఉంచడం, లాక్ రింగును ముందు వదులు చేయడం, ఈ మూడూ తప్పనిసరి. దుమ్ముతో నిండిన అల్యూమినియం మర మీద హుక్ స్పానర్‌తో బలం చూపిస్తే మర తినేస్తుంది.  ఇప్పుడు కుంగుడు ఖాళీలో 50, నిండులో 113 అయింది: 22 శాతం, 49 శాతం. తన్నుడు బాగా తగ్గింది. హ్యాండిల్ కూడా కుదురుకుంది. కారణం తేలికే. దుమ్ము గీత నాటి ఎత్తుతో పోలిస్తే యజమాని బిగించాక వెనుక భాగం 40 మి.మీ. లేచింది. చక్రాల మధ్య దూరం 1270 మి.మీ. ఉన్న బండిలో అది సుమారు 1.8 డిగ్రీల వంపు. ముందు చక్రాలను తిన్నగా ఉంచే కాస్టర్ కోణంలో అంత మేరా తరిగిపోయింది. ముందు సస్పెన్షన్‌ను ఎవరూ ముట్టుకోకపోయినా హ్యాండిల్ ఉలికిపాటు పెరగడానికి ఇది చాలు.

నిండు ట్యాంకు వైపు మాత్రం బాగోలేదు. వరుస గట్ల మీద రింగు మళ్లీ 100కు చేరింది. ఇంకాస్త లోతైన కాలువ వస్తే రబ్బరు దిమ్మ నలుగుతుంది. ఈ స్ప్రింగుతో ఇంతకు మించి కుదరదని, ఉన్నవి రెండే దారులని యజమానికి చెప్పాను: ట్యాంకులో 40 లీటర్లకు మించి నింపకుండా ఇదే అమరికతో నడపడం, లేదా స్ప్రింగులు మార్చడం. మొదటిదానికి ఖర్చేమీ లేదు, చిన్న తోటలకు నేనైతే దాన్నే ఎంచుకుంటాను. ట్యాంకు నింపినప్పుడల్లా కాలర్ తిప్పవచ్చు కదా అని ఆయన అడిగారు. మాటల్లో తేలిక. మట్టి పట్టిన చక్రాలను లేపి, లాక్ రింగులు వదిలి, రెండు వైపులా సమంగా తిప్పి, మళ్లీ బిగించే ఓపిక రెండో రోజు నుంచి ఉండదు, ఎడమ కుడి తేడాలు మళ్లీ మొదలవుతాయి. నీరు దొరికే చోటు దూరం కాబట్టి నిండు ట్యాంకే కావాలన్నారు, స్ప్రింగులకే మొగ్గారు.

ఎంపిక చేసింది మిల్లీమీటరుకు 28 న్యూటన్ల స్ప్రింగు. చక్రం దగ్గర అది 7 అవుతుంది, 314ను 7తో భాగిస్తే 45. అంటే నిండుకూ ఖాళీకీ తేడా 63 నుంచి 45కు దిగాలి. ఇంకా గట్టిది వేస్తే తేడా ఇంకా తగ్గేది, కానీ ఖాళీ బండిలో మనిషి వెన్నుకు ఆ గట్టితనం తెలుస్తుంది.  స్ప్రింగు కొనేటప్పుడు అంకె ఒక్కటే చూస్తే చాలదు. లోపలి వ్యాసం షాక్ కూర్చునే చోటుకు సరిపోవాలి. చుట్లు, తీగ మందం లెక్క కట్టి, ప్రీలోడ్‌తో పాటు పూర్తి 115 మి.మీ. స్ట్రోకు నలిగినా చుట్లు తగలకుండా ఖాళీ మిగలాలి. ఇదే బండికి ఇదివరకు చుట్లు తగిలిన చరిత్ర ఉంది కాబట్టి ఈ లెక్కను మళ్లీ సరిచూసుకున్నాను. గట్టి స్ప్రింగుకు ప్రీలోడ్ తక్కువ సరిపోతుంది. పాతదానికి యజమాని బిగించిన స్థితిలో లెక్క ప్రకారం 61 మి.మీ. దాకా ముందే నలిగి ఉంటే, కొత్తదానికి 29 సరిపోయింది.

కొత్త స్ప్రింగులతో కొలతలు: మనిషి లేకుండా 597, మనిషితో ఖాళీ ట్యాంకు 562, నిండు ట్యాంకు 517. కుంగుళ్లు వరుసగా 15, 50, 95. శాతాల్లో 7, 22, 41. తెచ్చినప్పటి నిండు కుంగుడు 93, ఇప్పుడు 95, దాదాపు ఒకటే. మారింది ఖాళీ వైపు: 30 ఉన్నది 50 అయింది, అసలు కుంగని బండి 15 మి.మీ. కుంగుతోంది. నిండు ట్యాంకుకు ఇచ్చిన చోటు కోసం ఈసారి ఖాళీ ట్యాంకు దగ్గర అప్పు చేయలేదు.

గట్టి స్ప్రింగు వెనక్కి కూడా గట్టిగానే తోస్తుంది, కాబట్టి రీబౌండ్‌ను 12 నుంచి 9 క్లిక్కులకు బిగించాను. వరుస గట్ల మీద రింగు 86 దగ్గర నిలిచింది. ఖాళీ ట్యాంకుతో ఒక గట్టు దాటించి పక్క నుంచి చూస్తే వెనుక భాగం పైకి లేచి ఒక్క ఊపులో కుదురుకుంటోంది, రెండో ఊపు లేదు. కంప్రెషన్ నాబ్‌ను కదిలించలేదు. చేతికి అందే నాబ్ కాబట్టి అందరూ ముందు దాన్నే తిప్పుతారు, ఇలాంటి బండిలో దాన్ని ఆఖరున చూస్తాను. గ్యాస్ డబ్బా వాల్వు జోలికి అసలు పోకూడదు. అందులో ఉన్నది అధిక ఒత్తిడి నైట్రోజన్, దానికి తగిన పరికరాలున్న చోటే తెరవాలి.

సస్పెన్షన్ మనుషులు సాధారణంగా పట్టించుకోని సంగతి ఒకటి ఇక్కడ ఉంది, స్ప్రే బూమ్ ఎత్తు. బూమ్ వెనుక ఇరుసుకు 600 మి.మీ. వెనక ఉంది. వెనుక భాగం కుంగితే బండి ముందు ఇరుసు చుట్టూ తిరిగినట్టు వంగుతుంది, కాబట్టి బూమ్ కుంగుడు చక్రం కుంగుడు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. పాత స్ప్రింగులతో 63 మి.మీ. తేడా బూమ్ దగ్గర 9 సెంటీమీటర్లు దాటింది. నాజిళ్లు 110 డిగ్రీల ఫ్యాన్ రకం, అర మీటరుకు ఒకటి. వాటికి 50 సెంటీమీటర్ల ఎత్తు సరైనది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆ ఎత్తు సరిచేసి బయలుదేరితే, ఖాళీ అయ్యేసరికి బూమ్ 9 సెంటీమీటర్లు పైకి లేచి తుంపర గాలికి కొట్టుకుపోతుంది. కొత్త స్ప్రింగులతో ఆ తేడా ఆరున్నర సెంటీమీటర్లకు తగ్గింది. సగం ట్యాంకు దగ్గర ఎత్తు సరిచేసుకుంటే అటూ ఇటూ మూడు సెంటీమీటర్ల చిల్లరే. యజమాని అడగని ఇబ్బంది ఇది, అయినా ఈ పనిలో ఆయనకు ఎక్కువ కలిసొచ్చేది ఇదేనని నా అభిప్రాయం.

యాక్సిల్ రబ్బరు బూట్లలో ఒకదాని మడతలో సన్నని చీలిక ఉంటే మార్చాం. బండి పైకొసకు లేచి ఉంటే యాక్సిల్ జాయింట్లు ఎప్పుడూ ఏటవాలుగానే తిరుగుతాయి, బూట్లు తొందరగా అరుగుతాయి. కొత్త స్ప్రింగులు కొంత వాడాక కాస్త కూర్చుంటాయి, అప్పుడు 562 మళ్లీ వస్తోందో లేదో చూడమని ర్యాక్ మీద గుర్తు చెరగకుండా గీసి ఇచ్చాను. సగం నిండిన ట్యాంకులో నీరు పక్కకు ఊగుతుంది, ఏటవాలు మీద అడ్డంగా పోయేటప్పుడు బండి పడిపోయే ప్రమాదం నిండు ట్యాంకు కంటే అప్పుడే ఎక్కువ కావచ్చు. ఏ స్ప్రింగూ దాన్ని ఆపలేదు. లోపల అడ్డుపలకలున్న ట్యాంకు అయితే నయం.

వెళ్లే ముందు ఆయన అడిగింది, ఇప్పుడు స్ప్రింగులు గట్టివి కాబట్టి 100 లీటర్ల ట్యాంకు వేయవచ్చా అని. కుదరదండీ అన్నాను. స్టిక్కరు మీది 80 కిలోలు స్ప్రింగుల లెక్క మాత్రమే కాదు, ర్యాక్, ఫ్రేము, టైర్లు, బ్రేకులు అన్నిటి లెక్క. అంత నీరు మోయాలంటే చక్రాలున్న ట్రెయిలర్ ట్యాంకు తగిలించాలి. అప్పుడు కొక్కెం మీద పడే బరువును తూచి, అది బండి పరిమితిలో ఉందో లేదో చూసుకుని, ర్యాక్ ఖాళీగా పెట్టి ఇవే కొలతలు మొదటి నుంచి తీయాలి. కాలర్ మళ్లీ వదులు చేయాల్సి రావచ్చు.